జూన్ వస్తే గాజులు తాకట్టుకేనా? ఇంటి లెక్కలో లోపాలు, పరిష్కారాలు

ఖర్చు తగ్గించాలనగానే ముందు పాలు, కూరగాయల మీద పడతాం. కూరల దగ్గర రోజూ పది రూపాయలు బేరమాడినా నెలకు మిగిలేది మూడు వందలే. పిల్లలున్న ఇంట్లో డబ్బు పోయే దారులు వేరే ఉంటాయి.

సమస్య: ఏటా జూన్‌లో అప్పు

కారణం: స్కూలు ఫీజు ప్రతి ఏడూ వచ్చేదే, అయినా అనుకోని ఖర్చులాగా కంగారు పడతాం. నెల లెక్కలో అద్దె, కరెంటు, గ్యాస్ రాస్తాం గానీ, ఏడాదికోసారి పడేవి రాయం.

పరిష్కారం: అవన్నీ ఒక కాగితం మీద పెట్టండి. ఉదాహరణకు ఇద్దరు పిల్లల ఇల్లు. ఫీజులు 68,000, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 13,000, స్కూలు బస్సు 22,000, బండి ఇన్సూరెన్స్ 2,000, పండగ బట్టలు 9,000, పెళ్లిళ్లలో చదివింపులు 6,000. (చదివింపులు ఎవరూ లెక్కలో రాయరు, మాఘమాసంలో తెలుస్తుంది.) మొత్తం 1,20,000, అంటే నెలకు పది వేలు.

ఇందులో స్కూలు వాటా 1,03,000. దానికి నెలకు దాదాపు 8,600 చొప్పున బ్యాంకులో పన్నెండు నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. మేలో మొదలుపెడితే మళ్లీ మేకి చేతికొస్తుంది. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా చూసుకోండి, నెలాఖరుకు మిగిలితే వేద్దామంటే మిగలదు. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది కాబట్టి ఈ పనికి కుదరదు. మిగతా 1,400 వేరే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, దసరా మే నెల దాకా ఆగదు కదా.

మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని స్కూల్లో అడగండి. కొన్నిచోట్ల తగ్గిస్తారు.

సమస్య: ప్రతి నెలా కడుతున్నా క్రెడిట్ కార్డు బాకీ తరగడం లేదు

కారణం: మీరు కడుతున్నది మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే చిన్న మొత్తం మాత్రమే. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం దాకా పడటం మామూలే. మన లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం, దాని మీద జీఎస్టీ. పైగా పాత బాకీ మిగిలి ఉంటే, కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

పరిష్కారం: కార్డు బీరువాలో పడేయండి. గాజులు తాకట్టు పెట్టాల్సిందే అయితే ఈ బాకీ తీర్చడానికి పెట్టండి. బ్యాంకులో బంగారం మీద అప్పు సాధారణంగా రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. దాంతో కార్డు మొత్తం తీర్చేయండి. మళ్లీ కార్డు గీకితే మాత్రం రెండు అప్పులవుతాయి.

సమస్య: ఇరవయ్యో తేదీకే ఖాతా ఖాళీ, దేనికి పోయిందో తెలియదు

కారణం: జీతం పడే ఖాతాకే యూపీఐ. పిల్లల గేమ్ యాప్‌లు, ఓటీటీల ఆటోపేలు (వాటంతటవే కట్ అయ్యే చెల్లింపులు) కూడా అందులోంచే.

పరిష్కారం: యూపీఐని రెండో ఖాతాకు మార్చి, అందులో వారానికి సరిపడా మాత్రమే వేయండి. యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి అక్కర్లేనివి రద్దు చేయండి.

సమస్య: పిల్లల పేరున పాలసీ ఉంది, అయినా భరోసా లేదు

కారణం: ఇల్లు నడిచేది సంపాదించేవాళ్ల జీతం మీద. వాళ్లకు సరైన బీమా ఉండదు.

పరిష్కారం: ముందు వాళ్ల పేరున టర్మ్ పాలసీ, అంటే వాళ్లకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే బీమా. పదేళ్లు నిండని ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర కట్టొచ్చు. పదో తరగతి పాసయ్యాక గానీ, 18 ఏళ్లు నిండాక గానీ, చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు. అంటే ఇంటర్ ఫీజుకూ అందుతుంది.