ఫోన్ నిండా బూతు యాడ్స్ వస్తున్నాయా? రీసెట్ కొట్టే ముందు ఈ రెండు చోట్లా చూడండి

హన్మకొండ చౌరస్తా దగ్గర ఫోన్లు బాగుచేసే పని పన్నెండేళ్లుగా చేస్తున్నాను. వారానికి కనీసం ఇద్దరు ముగ్గురు ఒకే మాటతో వస్తారు. "అన్నా, ఫోన్ల గలీజ్ యాడ్స్ వస్తున్నయి, నేనేం చేయలె, ఊకెనే వస్తున్నయి." ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, పక్కన ఎవరూ లేనప్పుడు మెల్లగా చెబుతారు. అప్పటికే రెండు మూడు యాంటీవైరస్‌లు వేసి ఉంటారు. కొందరు రీసెట్ కొట్టించి పిల్లల ఫొటోలు కూడా పోగొట్టుకుని ఉంటారు. రెండు నిమిషాల్లో చూడాల్సిన చోటు మాత్రం ఒక్కరూ చూసి ఉండరు.

అప్‌డేట్‌లో ఉన్న ఫోన్‌లో పేజీ తెరిచినంత మాత్రాన వైరస్ దూరడం చాలా అరుదు. నా దగ్గరికి వచ్చిన ఫోన్లలో దాదాపు ప్రతిసారీ జరిగింది ఒకటే. బూతు సైట్ తెరిచినప్పుడు అది ఏదో అడిగితే 'అలో' (అనుమతించు) నొక్కారు, లేదా అది ఇచ్చిన ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేశారు. ఏం నొక్కారో గుర్తు తెచ్చుకుని చెబితే పని పది నిమిషాల్లో అయిపోతుంది. సిగ్గుపడి దాస్తే గంట పడుతుంది, ఒక్కోసారి అసలు జబ్బే దొరకదు. ఎవరు చూశారు, ఎందుకు చూశారు అన్నది నాకు అక్కర్లేదు. ఏం నొక్కారన్నదే కావాలి.

నోటిఫికేషన్లుగా వస్తుంటే

పైనుంచి "మీ ఫోన్‌లో 4 వైరస్‌లు ఉన్నాయి", "మీ దగ్గర్లో ఉన్న అమ్మాయిలు" అంటూ దిగుతుంటాయి. బ్రౌజర్ మూసి ఉన్నా, సైట్ చూసి నెల దాటినా వస్తూనే ఉంటాయి.

అలా వచ్చిన నోటిఫికేషన్‌ను తుడిచేయకండి. దాని మీద వేలు నొక్కి పట్టుకోండి. పంపుతున్నది ఏ యాప్ అన్నది అక్కడే కనబడుతుంది. క్రోమ్ అని, దాని కింద ఒక పిచ్చి సైట్ పేరు ఉంటే మీ ఫోన్‌లో వైరస్ లేదు. మీరే ఆ సైట్‌కు నోటిఫికేషన్లు పంపుకోమని అనుమతి ఇచ్చారు. "మీకు 18 ఏళ్లు నిండాయా? అలో నొక్కండి", "మీరు రోబో కాదని చెప్పడానికి అలో నొక్కండి", "వీడియో ఆడాలంటే అలో నొక్కండి" అని పేజీలో పెద్దగా రాసి ఉంటుంది. దాని పైన బ్రౌజర్ అడిగే చిన్న పెట్టెకు వయసుతో గానీ రోబోతో గానీ సంబంధం లేదు. అది అడిగేది నోటిఫికేషన్ల అనుమతి ఒక్కటే.

క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అలో అయినవాటి జాబితా ఉంటుంది. మీకు తెలియని పేరు ప్రతి ఒక్కటీ బ్లాక్ చేయండి. ఫోన్‌లో వేరే బ్రౌజర్లు ఉంటే వాటిలో కూడా ఇదే చూడాలి, చాలా ఫోన్లలో కంపెనీ వేసిన బ్రౌజర్ ఒకటి అదనంగా ఉంటుంది. రీసెట్ కొట్టినా ఇవి పోతాయి నిజమే, కానీ మళ్లీ అదే సైట్‌లో అదే అలో నొక్కగానే తిరిగొస్తాయి. "రీసెట్ చేసినా వైరస్ పోలేదు" అని వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే.

ఆ నోటిఫికేషన్ చూపించే క్లీనర్ యాప్ మాత్రం వేయకండి. వైరస్ ఉందని భయపెట్టేదీ, మందు అమ్మేదీ ఒకరే.

నోటిఫికేషన్లు ఆగినా పని అయిపోలేదు

ఇక్కడ నేనే దెబ్బతిన్నాను, నా వల్ల ఒక రైతు దెబ్బతిన్నాడు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

మిర్చి సీజన్‌లో నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఏనుమాముల మార్కెట్లో పంట అమ్ముకుని వెళ్తూ ఫోన్ చూపించాడు. అవే యాడ్స్. క్రోమ్ తెరిస్తే పదకొండు సైట్లకు అనుమతి ఉంది. అన్నీ తీసేశాను, యాడ్స్ ఆగిపోయాయి. "అయిపోయింది కాకా" అని వంద రూపాయలు తీసుకుని పంపించాను. పది రోజుల తర్వాత ఆయన మళ్లీ వచ్చి, "బిడ్డా, పైసలు పోయినయ్" అన్నాడు. మిర్చి డబ్బులు ఖాతాలో పడ్డ మూడో రోజు రాత్రి, రెండు విడతలుగా వెళ్లిపోయాయి. ఆయన ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. డబ్బు కట్ అయిన మెసేజ్ కూడా ఇన్‌బాక్స్‌లో లేదు.

ఆ ఫోన్‌లో జబ్బులు రెండున్నాయి, నేను ఒకటే చూశాను. ఇంట్లో డిగ్రీ చదివే కొడుకు అదే ఫోన్‌లో సైట్ తెరిచినప్పుడు మొదట అలో నొక్కించుకుంది. ఆ తర్వాత "ఈ వీడియోకు హెచ్‌డీ ప్లేయర్ కావాలి" అని ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ వేసే ఫైల్) దింపించింది. మొదటిది చప్పుడు చేస్తుంది, రెండోది చప్పుడు చేయదు. చప్పుడు ఆగగానే ఫోన్ బాగైందని నేను నమ్మాను, ఆయన్నీ నమ్మించాను.

ఈ ఏపీకేలకు మన దగ్గర గిరాకీ ఎందుకో కూడా చెప్పాలి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత టెలికాం శాఖ 827 పోర్న్ సైట్లను ఆపమని ఇంటర్నెట్ కంపెనీలకు చెప్పింది. దాంతో జనం పేరు మార్చిన నకిలీ సైట్లకూ, టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరికే, ఆపిన సైట్లను తెరిపించే ఉచిత వీపీఎన్ యాప్‌లకూ మళ్లారు. ప్లే స్టోర్‌లో అలాంటి వీడియో యాప్‌లు దొరకవు కాబట్టి బయటి ఏపీకే వేసుకోవడం వాళ్లకు మామూలైపోయింది. ప్లేయర్, వీపీఎన్, బ్రౌజర్ అప్‌డేట్, పేరు ఏదైనా లోపలి సరుకు అదే కావచ్చు.

అది ఇన్‌స్టాల్ అయ్యాక చేసే మొదటి పని యాక్సెసిబిలిటీ అనుమతి అడగడం. చూపు సరిగా లేనివాళ్ల కోసం, చేతులు వాడలేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం అది. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు తానే బటన్లు నొక్కగలదు. దానికి తోడు మెసేజ్‌ల అనుమతి కూడా ఇస్తే ఓటీపీ మీకంటే ముందు వాళ్లకు చేరుతుంది. ఆ తర్వాత యాప్ గుర్తు తెర మీద కనిపించకుండా పోతుంది. "ఇన్‌స్టాల్ కాలేదేమో" అనుకుని మనం మర్చిపోతాం.

ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వేసిన యాప్‌కు యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఫోనే అడ్డుపడి, ఇది పరిమితం చేసిన సెట్టింగ్ అని చెబుతుంది. దాన్ని ఎలా దాటాలో బొమ్మలతో సహా ఆ సైటే నేర్పిస్తుంది. అలాంటి బొమ్మలు చూసి సెట్టింగ్ మార్చిన గుర్తు మీకుంటే ఇక అనుమానం అక్కర్లేదు, ఇదే.

గుర్తు పట్టడానికి నేను ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ, యాడ్స్ ఆగినా సరే, ఇవి చూస్తాను:

- ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ప్లే ప్రొటెక్ట్ తెరుస్తాను. మీరు ఆపకుండానే అది ఆగి ఉంటే ఎవరో ఆపించారన్నమాట.
- సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, దాని కింద డౌన్‌లోడ్ చేసిన యాప్‌లు. టాక్‌బ్యాక్ లాంటివి గూగుల్‌వి, వాటిని వదిలేయండి. ప్లేయర్, అప్‌డేట్, సర్వీస్ లాంటి పేరుతో ఏదైనా ఆన్‌లో ఉంటే దొంగ దొరికినట్టే.
- సెట్టింగ్స్ పైన వెతికే చోట డివైస్ అడ్మిన్ అని కొట్టండి, ఫోన్ మీద పెత్తనం ఇచ్చిన యాప్‌ల జాబితా వస్తుంది. ఫైండ్ మై డివైస్ (ఇప్పుడు దాని పేరు ఫైండ్ హబ్), ఆఫీసు వాళ్లు వేసినవి తప్ప ఇంకేమీ ఉండకూడదు.
- నోటిఫికేషన్ యాక్సెస్, ఇతర యాప్‌ల పైన కనబడే అనుమతి. ఈ రెండు జాబితాలు కూడా.
- మొత్తం యాప్‌ల జాబితా. సిస్టమ్ సర్వీస్ అని పేరు పెట్టుకుని లోపల అన్‌ఇన్‌స్టాల్ బటన్ ఉంటే అది ఫోన్‌తో వచ్చింది కాదు. ఫోన్‌తో వచ్చిన అసలు సిస్టమ్ యాప్‌కు ఆ బటన్ ఉండదు.

నోటిఫికేషన్ కాకుండా తెర నిండా యాడ్ వస్తుంటే దాన్ని వెంటనే మూసేయకుండా రీసెంట్స్ (ఇటీవల తెరిచిన యాప్‌లు చూపే బటన్) నొక్కండి. యాడ్ ఏ యాప్ కార్డులో ఉందో కనబడుతుంది. పేరు లేకుండా, గుర్తు ఖాళీగా ఉన్న కార్డు కనబడితే పైన చెప్పినవన్నీ చూడాల్సిందే.

దొరికాక తీసే పద్ధతి ముఖ్యం. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే యాప్ తీయడం పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. డబ్బు అవతలి ఖాతా నుంచి చేతులు మారకముందే ఫిర్యాదు చేరితే అక్కడే ఆపించే వీలుంటుంది. కాకా విషయంలో మేము మూడు రోజులు ఆలస్యంగా చేశాం. బ్యాంకు తప్పు చేసిందనుకుని ఆయన ఊళ్లో బ్రాంచి చుట్టూ తిరిగాడు, ఆ మూడు రోజుల్లో డబ్బు చాలా దూరం వెళ్లిపోయింది.

ఇక యాప్. అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే సెట్టింగ్స్ తనంతట తాను వెనక్కి వచ్చేస్తుంటే భయపడకండి, ఆ యాప్ యాక్సెసిబిలిటీతో బ్యాక్ నొక్కుతోంది. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో పెట్టండి. చాలా ఫోన్లలో పవర్ బటన్ పట్టుకుని, తెర మీద వచ్చిన పవర్ ఆఫ్‌ను నొక్కి పట్టుకుంటే అడుగుతుంది. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు నడవవు కాబట్టి అది అడ్డుపడలేదు. ముందు డివైస్ అడ్మిన్ తీయండి, తర్వాత యాక్సెసిబిలిటీ, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. డివైస్ అడ్మిన్ తీయకపోతే ఆ బటన్ పనిచేయదు. చివరికి డౌన్‌లోడ్స్‌లో, మెమరీ కార్డులో ఉన్న ఏపీకే ఫైల్‌ను కూడా చెరిపేయాలి. రీసెట్ చేసిన ఫోన్‌లో అదే మెమరీ కార్డు నుంచి మళ్లీ అదే ప్లేయర్ వేసుకున్నవాళ్లను చూశాను. కొత్త ఫోన్ కొని క్లోన్ యాప్‌తో పాత ఫోన్‌లోవన్నీ మార్చుకునేవాళ్లూ జాగ్రత్త, ఏపీకేగా వేసినవి కూడా వెంట రావచ్చు.

పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చేది ఫోన్ శుభ్రమయ్యాకే, లేదా వేరే ఫోన్‌లో. జబ్బు ఉన్న ఫోన్‌లోనే మారిస్తే కొత్తవి కూడా వాళ్లకు చెప్పినట్టే. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి తీసేయండి.

ఇంత చేశాక కూడా బ్యాంకు యాప్‌లున్న ఫోన్ అయితే నేను ఫొటోలు, కాంటాక్ట్‌లు తీసిపెట్టి రీసెట్ చేసేస్తాను. రీసెట్‌కు సరైన సందర్భం ఇదే.

తెర మీద పోలీస్ గుర్తు, ఫైన్ కట్టమంటోంది

ఎక్కువసార్లు అది బ్రౌజర్‌లోని ఒక పేజీ మాత్రమే. బూతు సైట్ చూశారని పోలీసులు ఇలా వెబ్ పేజీలో క్యూఆర్ కోడ్ పెట్టి జరిమానా వసూలు చేయరు. రీసెంట్స్‌లో నుంచి బ్రౌజర్‌ను తుడిచేయండి, మళ్లీ తెరిచినప్పుడు ఆ ట్యాబ్‌ను వెనక్కి తెచ్చుకోకండి. అప్పటికీ వస్తుంటే యాప్‌ల జాబితాలో బ్రౌజర్ డేటా క్లియర్ చేయండి.

ఫోన్‌నే లాక్ చేసే రకం కూడా ఉండేది. 2014లో కోలర్, 2015లో పోర్న్ డ్రాయిడ్ పేరుతో తిరిగిన యాప్ అలాంటివే. రెండోది ఫోన్ పిన్‌నే మార్చేసేది. ఆండ్రాయిడ్ 7 నుంచి, ముందే పిన్ పెట్టుకున్న ఫోన్ పిన్‌ను అలాంటి యాప్ మార్చలేదు. లాక్ లేకుండా తిరిగేవాళ్లు ఈ ఒక్క కారణానికైనా పిన్ పెట్టుకోండి.

ప్రీపెయిడ్ బ్యాలెన్స్ కొంచెం కొంచెం కట్ అవుతోంది

ప్లే బటన్ అనుకుని నొక్కింది ఏదో వీడియో ప్యాక్ అయి ఉంటుంది. ఇలాంటి సర్వీసులు ఆపించే నంబరు 155223కి చేసి ఏ సర్వీసులు ఆన్‌లో ఉన్నాయో అడిగి ఆపించండి.

"నీ వీడియో తీశాం, డబ్బు పంపు" అని ఈమెయిల్

అందులో మీ పాత పాస్‌వర్డ్ ఉంటే గుండె జారిపోతుంది, నాకు తెలుసు. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ నుంచి బయటపడ్డ జాబితాలోది. ఒకే ఉత్తరాన్ని లక్షల మందికి పంపుతారు. డబ్బు పంపకండి, జవాబు ఇవ్వకండి. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మార్చండి. మీరు నిజంగా ఎవరితోనో వీడియో కాల్ మాట్లాడి, దాన్ని అడ్డం పెట్టుకుని బెదిరిస్తుంటే అది వేరే కేసు. మెసేజ్‌లు చెరపకుండా 1930కి చెప్పండి.

మిగతావి

ఐఫోన్‌లో క్యాలెండర్ నిండా బూతు రిమైండర్లు వస్తే తెలియకుండా ఒక క్యాలెండర్‌కు సబ్‌స్క్రైబ్ అయ్యారు, క్యాలెండర్ ఖాతాల్లోకి వెళ్లి దాన్ని తీసేస్తే చాలు. కంప్యూటర్‌లో అయితే బ్రౌజర్ నోటిఫికేషన్లు, ఎక్స్‌టెన్షన్లు చూడండి. ఏ సైట్ అయినా బ్రౌజర్ అప్‌డేట్ అని ఫైల్ ఇస్తే తెరవకండి, బ్రౌజర్ తన అప్‌డేట్ తానే చేసుకుంటుంది. చవక ఫోన్లలో ఫ్యాక్టరీ నుంచే చెడ్డ యాప్ వచ్చిన సందర్భాలు ఉన్నాయి కానీ మీది అదే అని మొదటే అనుకోవద్దు. సిమ్ మార్చడం, మెమరీ కార్డు పారేయడం వల్ల యాడ్స్ ఆగవు.

షాపులో ఫోన్ ఇచ్చేటప్పుడు పిన్ చెప్పి వెళ్లిపోకండి. పక్కన కూర్చోండి, మీ చేత్తోనే నొక్కండి. పైన రాసినవన్నీ మీ కళ్లముందు పావుగంటలో అయ్యే పనులు. బాగైన వారం తర్వాత సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిచి, మీరు ఎప్పుడూ తెరవని పేరు ఏదైనా బ్యాక్‌గ్రౌండ్‌లో డేటా వాడుతోందేమో చూడండి. కనబడితే మళ్లీ యాక్సెసిబిలిటీ జాబితా దగ్గర్నుంచి మొదలుపెట్టండి.