అలంకారాలు నేర్పే తీరు – 3వ పాఠం: శబ్దం ముందు, పేరు చివర

గత రెండు పాఠాల్లో లఘువులు (పొట్టిగా పలికేవి), గురువులు (నిడివిగా పలికేవి) చెవితో పట్టుకోవడం, పద్యాన్ని పాదం విరిచి చదవడం చూశాం. ఈ పాఠంతో అలంకారాల్లోకి వస్తున్నాం. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా తెలుగు చెప్పేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. ఇంట్లో సొంతంగా చదువుకునేవాళ్లు ప్రతి మెట్టునూ పైకి చదువుతూ చేస్తే చాలు. నల్లబల్ల, రెండు రంగుల సుద్దముక్కలు, 40 నిమిషాల పీరియడ్లు రెండు కావాలి. మొదటి పీరియడ్‌లో పాఠ్యపుస్తకం తెరవొద్దు.

పుస్తకంలో లక్షణం ముందుంటుంది, ఉదాహరణ తర్వాత వస్తుంది. ఆ వరుసలోనే చెప్తే పిల్లలు అక్షరాలు లెక్కపెట్టడం నేర్చుకుంటారు, వినడం నేర్చుకోరు. పరీక్షలో కొత్త పాదం ఇస్తే అక్కడే ఆగిపోతారు. అందుకే ముందు వినాలి, తర్వాత మార్చి చూడాలి. పేరు ఆఖరున చెప్పాలి.

మొదలు పెట్టడానికి పద్యం అక్కర్లేదు, ఊళ్లో అందరికీ వచ్చిన పొడుపు కథ చాలు:

కిటకిట తలుపులు కిటారి తలుపులు
ఎప్పుడు వేసినా చప్పుడు కావు

దీన్ని మూడుసార్లు చదివించండి. మొదటిసారి మామూలుగా, రెండోసారి చాలా నెమ్మదిగా, మూడోసారి గొంతు బయటికి రాకుండా పెదవులు, నాలుక మాత్రమే కదిలించి. మూడోసారి చదివేటప్పుడు నాలుక ఎక్కడ తగులుతుందో గమనించమనండి. ‘ట’ దగ్గర నాలుక కొస వెనక్కి మడిచి అంగిలికి కొడుతుంది. ‘ప’ దగ్గర పెదవులు కలుస్తాయి. ఇది తెలియని పిల్లలుంటే ‘అమ్మ అంటే కలుస్తాయి, అయ్య అంటే కలవవు’ అనే పొడుపు కథ వేయండి. జవాబు పెదవులని చెప్పగానే ఓష్ఠ్యాల (పెదవులతో పలికే అక్షరాల) సంగతి సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు ఎక్కువసార్లు వినబడిన హల్లు కింద ఒక రంగుతో గీత గీయించండి. పిల్లలు ‘ట’తో పాటు ‘ల’ కిందా గీస్తారు. అది తప్పు కాదు, ‘తలుపులు’ రెండుసార్లు రావడంతో ‘ల’ చాలానే ఉంది. కాని బహువచనం వల్ల దానంతట అదే వచ్చిన అక్షరమేది, కావాలని ఏరి పెట్టిన అక్షరమేది అని అడగాలి. తేల్చడానికి ఒకటే పరీక్ష, మాట మార్చి చూడటం. ‘కిటకిట’ తీసి ‘చిన్నచిన్న’ పెట్టండి. అర్థం పెద్దగా చెడదు కాని ఆట పోతుంది. తలుపు కిర్రుమన్న చప్పుడు ముందు వినిపించి, ‘చప్పుడు కావు’ అని వెంటనే కాదనడంలోనే ఈ పొడుపు ఉంది. మార్చితే ఏదో పోయిందని పిల్లలు చెప్పగలిగినప్పుడే అది వాళ్లకు అలంకారమైంది. హల్లు ఇలా పలుమార్లు తిరిగి వస్తే వృత్త్యనుప్రాస అని అప్పుడు పేరు రాయండి.

ఇక్కడి నుంచి పోతన దగ్గరికి వెళ్లడం తేలిక. ఆయన ఊరు బమ్మెర పాత వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. గజేంద్రమోక్షంలో విష్ణువు మాట చెప్పకుండా లేచి వెళ్తుంటే లక్ష్మీదేవి అడుగుదామని ముందుకు నడుస్తుంది, జవాబు చెప్పడేమోనని ఆగుతుంది. ఆ కందంలోని మూడో పాదం:

వెడవెడ సిడిముడి తడఁబడ

పన్నెండు అక్షరాలు, పన్నెండూ లఘువులే. అందులో ఆరు ‘డ’లు, సరిగ్గా రెండో అక్షరానికొకటి. ఒక అక్షరం జారుతుంది, రెండోది నాలుక మడిచి తగులుతుంది. తడబడే నడక పలకడంలోనే ఉంది. పిల్లలతో పాదం చదివిస్తూ ‘డ’ వచ్చినప్పుడల్లా బల్ల మీద వేలితో తట్టించండి. వివరణ అవసరం తగ్గిపోతుంది.

ఇదే పాదం ఇంకో గందరగోళాన్నీ తీరుస్తుంది. ‘ప్రాస’ అనగానే పిల్లలకు సినిమా పాటల్లోలా పాదం చివర కలిసే అక్షరాలు గుర్తుకొస్తాయి. ఛందస్సులో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. కందంలో నాలుగు పాదాలకూ అది కలవాలి. పై పాదంలో మొదటి ‘డ’ ప్రాస కోసం తప్పనిసరిగా వచ్చింది, మిగతా ఐదూ కవి ఇష్టంతో వచ్చాయి. నియమం వల్ల వచ్చింది ప్రాస, ఇష్టంతో తెచ్చింది అనుప్రాస, చివర కలిసేది అంత్యప్రాస. మూడూ బల్ల మీద పక్కపక్కన రాయించాలి. పాలకుర్తి సోమనాథుడు కావ్యాలు నడిపిన ద్విపదలోనూ ప్రాస ఉండాలి, అది లేని ద్విపదను మంజరి అంటారు.

బతుకమ్మ పాటలు తెస్తే ‘ఉయ్యాలో’ను అంత్యప్రాస అంటారు పిల్లలు. అది పాట ఊతపదం. దాన్ని తీసేసి, దానికి ముందున్న అక్షరాలు కలుస్తున్నాయా అని చూడమనండి. కలిస్తేనే అంత్యప్రాస.

మాటే తిరిగి వచ్చినప్పుడు పేర్లు ఎక్కువగా కలగాపులగం అవుతాయి. దీనికి బదులుమాట పరీక్ష పెట్టండి. తిరిగొచ్చిన మాట రెండు చోట్లా ఇంకో మాట పెట్టి చూడాలి. పోతన సత్యభామతో కృష్ణుడి చేత అనిపించిన ‘లేమా! దనుజుల గెలువఁగ లేమా’ తీసుకోండి. మొదటి దానికి బదులు ‘ఓ వనితా’, రెండోదానికి ‘గెలవలేకపోతామా’. రెండు బదుళ్లు వేరు కాబట్టి యమకం. ‘కమలాక్షు నర్చించు కరములు కరములు’లో రెండు చోట్లా ‘చేతులు’ సరిపోతుంది, కాని రెండోసారి ‘చేతులంటే అవే’ అనే తాత్పర్యం చేరింది. అది లాటానుప్రాస. మన పొడుపులో ‘తలుపులు’ కూడా రెండుసార్లు వచ్చింది, అక్కడ అర్థమూ మారలేదు, తాత్పర్యమూ పెరగలేదు. దానికి ఈ రెండు పేర్లూ చెల్లవు. బదులుమాట పరీక్ష తెలియని పిల్లలు రెండుసార్లు వచ్చిన ప్రతిదాన్నీ యమకం అని రాసేస్తారు. ఛేకానుప్రాసకు మాత్రం హల్లుల జంట వెంటవెంటనే తిరిగి రావాలి, మధ్యలో వేరే మాట ఉండకూడదు. బడిలో అందరూ చెప్పే ‘వంద వందనాలు’ చాలు.

రెండో పీరియడ్‌లోనూ అదే పొడుపు కథతో మొదలుపెట్టండి, ఈసారి అర్థం వైపు నుంచి. జవాబు కనురెప్పలు. రెప్పలను తలుపులతో పోల్చారు కాని రెప్పల మాటే ఎత్తలేదు. ఒకే పోలికను నాలుగు మెట్లుగా బల్ల మీద రాయండి:

కనురెప్పలు తలుపుల లెక్క మూసుకుంటయి.
కనురెప్పలు తలుపుల లెక్క ఉన్నయి.
పాప రెప్పల తలుపులు మూసింది.
పాప చప్పుడు కాని తలుపులు మూసింది.

మొదటి వాక్యంలో నాలుగు భాగాలూ ఉన్నాయి. కనురెప్పలు ఉపమేయం, తలుపులు ఉపమానం, మూసుకోవడం సమానధర్మం, ‘లెక్క’ ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. రెండో దాంట్లో సమానధర్మం జారిపోయింది, అది లుప్తోపమ. మూడో దాంట్లో పోలిక చెప్పే మాటే లేదు, రెప్పలే తలుపులైపోయాయి, అది రూపకం. నాలుగో దాంట్లో ఉపమేయాన్ని ఉపమానం మింగేసింది, దాన్ని రూపకాతిశయోక్తి అంటారు. పొడుపు కథలు చాలావరకు ఈ నాలుగో మెట్టు మీదే ఉంటాయి. ఒక్కో మెట్టుకు ఒక్కో భాగం తుడిచేస్తూ వెళ్లండి. అలంకారాలు నాలుగు వేర్వేరు పెట్టెలు కావని, ఒకే పోలిక దగ్గరపడే కొద్దీ పేరు మారుతుందని పిల్లలకు కంటితో తెలుస్తుంది. ఈ భాగానికి పదిహేను నిమిషాలు ఇవ్వడానికి వెనకాడొద్దు.

ఉపమావాచకం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పుస్తకాల్లో ‘వలె, లాగా, పోలిక’ అని ఉంటాయి. వరంగల్ వైపు పిల్లల నోట వచ్చేవి ‘లెక్క, తీరు, ఓలె, అసొంటి’. ఇవన్నీ ఉపమావాచకాలే. వాటిని తప్పుగా దిద్దితే, రోజూ తాము మాట్లాడే ఉపమలు పిల్లలకు ఉపమలుగా కనిపించకుండా పోతాయి. జవాబు రాసేటప్పుడు, ఇచ్చిన వాక్యంలో ఏ మాట ఉంటే ఆ మాటే వాచకంగా రాయమనండి.

ఉపమేయం, ఉపమానం తారుమారు కావడం ప్రతి తరగతిలోనూ ఉంటుంది. ‘ఏనుమాముల మార్కెట్ల మిర్చి కుప్పలు నిప్పుల కొండల లెక్క ఎర్రగ మెరుస్తున్నయి.’ మార్కెట్‌కు పోతే నిజంగా కనబడేది ఏది, మాట కోసం తెచ్చి పెట్టింది ఏది అని అడగండి. కనబడేది ఉపమేయం, తెచ్చి పెట్టింది ఉపమానం. సమానధర్మం రెండింటికీ అతకాలి. మిర్చిని చూసి ‘ఘాటు’ అని రాసే పిల్లలుంటారు. నిప్పుకు ఘాటు లేదు కాబట్టి అది కుదరదు.

పోలిక మాట కనబడిన ప్రతిచోటా ఉపమ ఉండదు. ‘1213 నాటి రామప్ప గుడి, 1163 నాటి వేయి స్తంభాల గుడి లెక్కనే నక్షత్రాకారపు పీఠం మీద ఉన్నది.’ ఇది సమాచారం. రెండూ కాకతీయుల కాలపు గుళ్లే, ఒకే జాతి వస్తువులు, మనసుకు కొత్తగా తగిలేదేమీ లేదు. వేర్వేరు జాతుల మధ్య మనోహరమైన సామ్యం కనబడితేనే ఉపమ.

సమాసాల్లో మాత్రం విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి చెప్పే మాట, చూడాలి. ‘తేనెమాట’ను తేనె వంటి మాట అని విడదీస్తాం, ఉపమ. ‘విద్యాధనం’ విద్య అనే ధనం, రూపకం. ‘వంటి’ పడుతుందా, ‘అనే’ పడుతుందా అని నోటితో అనిపించండి.

చివరి పది నిమిషాలు రాత. పూలు, పంట, చెరువు, వీటిలో ఒకటి ఎంచుకుని పన్నెండు నుంచి పదహారు అక్షరాల పాదం ఒకటి రాయమనండి. ఒకే హల్లు నాలుగుసార్లు రావాలి. పోతన పన్నెండింట ఆరు పెట్టాడని ఆరు పెట్టబోతే కొత్తవాళ్ల చేతిలో అర్థం విరిగిపోతుంది. హల్లు కోసం అసందర్భపు మాట పట్టుకొస్తే ఆ మాట కొట్టేసి, ముందు చెప్పాల్సిన సంగతిని వచనంలో రాయించండి. ‘గునుగు’, ‘గుమ్మడి’, ‘తంగేడు’ లాంటి పేర్లలోనే ‘గ’ దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టడం సులువు.

అభ్యాసానికి ఐదు వాక్యాలు, జవాబులు మూసి పెట్టి ప్రయత్నించండి. లక్నవరం చెరువు అద్దం తీరు మెరుస్తున్నది. మోదుగుపూల మంటలు అడవినంతా అంటుకున్నయి. చెట్టు కింద రాలిన నిప్పురవ్వలను పిల్లలు దోసిళ్లతో ఏరుకుంటున్నరు. ఈసారి పత్తి నిరుటి లెక్కనే పండింది. గిలక గిరగిర గిర్రున తిరిగింది.

మొదటిది పూర్ణోపమ, వాచకం ‘తీరు’. రెండోది రూపకం, మోదుగుపూలు అనే మంటలు. మూడోది రూపకాతిశయోక్తి, పూల పేరే లేదు, కాలకుండా ఏరుకోవడం బట్టి తెలుసుకోవాలి. దాన్ని రూపకం అని రాసిన పిల్లలను ‘ఉపమేయం చూపించు’ అని అడగండి, వాక్యంలో దొరకదు. నాలుగోది ఉపమ కాదు. ఐదోది వృత్త్యనుప్రాస, ‘గ’, ‘ర’ రెండూ తిరిగి వస్తున్నాయి.

వచ్చే పాఠం ఉత్ప్రేక్ష. దానికోసం పిల్లల చేత మత్తడి (అలుగు) దుంకే చెరువు మీద రెండు వాక్యాలు రాయించి ఉంచండి. ఒక వాక్యంలో ‘ఏమో’ నిజమైన అనుమానం కావాలి, ఇంకోదాంట్లో ఊహ కావాలి. ఆ రెంటినీ విడదీసే పరీక్షతోనే నాలుగో పాఠం మొదలవుతుంది.