బాలసదనంలో పెరుగుతున్న బిడ్డకు సొంత ఇల్లు దొరకాలంటే: ఎలా చేయాలి?

మన ఊర్లలో 'సాదుకునుడు' కొత్త మాట కాదు. అక్క బిడ్డనో, తమ్ముని కొడుకునో తెచ్చుకుని సాదుకున్న ఇళ్లు వరంగల్ చుట్టుపక్కల ప్రతి ఊర్లోనూ కనిపిస్తాయి. ప్రేమకు కొదవ ఉండదు, కాగితమే ఉండదు. స్కూల్లో తండ్రి పేరు అడిగిన రోజున, భూమి పంపకాల రోజున ఆ లోటు బయటపడుతుంది. వంద రూపాయల బాండు పేపరు మీద రాసుకున్న ఒప్పందం ఆ రోజు అక్కరకు రాదు.

బాలసదనాల్లో ఉన్న ఏడేళ్ల, పదేళ్ల పిల్లల సంగతి ఇంకా చిక్కు. ఒకవైపు పసిబిడ్డ కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డ దంపతులున్నారు. ఇంకోవైపు ఈ పిల్లలు పెరిగి పెద్దవుతున్నారు. 'ఎదిగిన పిల్లల్ని ఎవరూ తీసుకోరు' అని అందరూ అనేస్తారు. చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. ఆ బిడ్డ పేరు దత్తత పోర్టల్ దాకా చేరనే లేదు. ఫైలు బీరువాలో ఉండగా ఎవరైనా ఎలా తీసుకుంటారు? అందుకే పని అమ్మానాన్నల వేటతో కాకుండా ఫైలుతో మొదలుపెట్టాలి. కింద చెప్పేది ముఖ్యంగా జిల్లా బాలల పరిరక్షణ యూనిట్లో, స్వచ్ఛంద సంస్థల్లో కొత్తగా చేరిన సోషల్ వర్కర్లకు. బిడ్డను తెచ్చుకోవాలనుకునే కుటుంబాలకూ తెర వెనక ఏం జరుగుతుందో దీనితో తెలుస్తుంది.

1. ఎవరి కోసం వెతకాలో ముందు తేల్చుకోండి

సదనం రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కో పేరుకు మూడు సంగతులు రాయండి: చివరిసారి ఎవరు చూడ్డానికి వచ్చారు, ఏ తేదీన వచ్చారు, దత్తతకు చట్టపరంగా అడ్డేమీ లేదని చెప్పే 'లీగల్లీ ఫ్రీ' సర్టిఫికెట్ ఉందా లేదా. ఏడాదికి పైగా ఎవరూ రాని పిల్లల పేర్లు విడిగా తీసి బాలల సంక్షేమ సమితి, అంటే సీడబ్ల్యూసీ, ముందు పెట్టండి.

దసరాకో సంక్రాంతికో వచ్చి రెండు రోజులు బిడ్డను ఇంటికి తీసుకెళ్లే తల్లి ఉంటే ఆ బిడ్డ దత్తత కేసు కాదు. పేదరికం ఒక్కటే కారణమైతే పిల్లల రక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌తో బిడ్డ సొంతింట్లోనే పెరగొచ్చు. కూలికి పోయే తల్లి సంతకాన్ని తొందరపెట్టి తీసుకోవడం కన్నా పెద్ద తప్పు ఈ పనిలో లేదు.

2. సొంతవాళ్ల కోసం నిజంగా వెతకండి

కాజీపేట జంక్షన్‌లో దొరికిన పిల్లవాడు ఒడిశావాడు కావచ్చు, బిహార్‌వాడు కావచ్చు. మేడారం జాతరలో తప్పిపోయిన పాప ఏ జిల్లా నుంచో వచ్చి ఉంటుంది. మహబూబాబాద్ వైపు తండా పిల్ల లంబాడీ తప్ప మాట్లాడకపోవచ్చు. ములుగు వైపు కోయ, ఆదిలాబాద్ వైపు గోండి. భాష తెలిసిన మనిషి లేకుండా తీసుకున్న వాంగ్మూలంలో ఊరి పేరు తప్పు పడుతుంది, ఆ తప్పు చివరిదాకా వెంట వస్తుంది.

చిన్న పిల్లలను 'మీ ఊరేది?' అని అడిగితే చెప్పలేరు. ఇంట్లో ఏం వండేవారు, ఏ పండగకు కొత్త బట్టలు కట్టేవారు, బడికి నడిచి పోయేవారా ఆటోలోనా, ఇంటి దగ్గర చెరువుందా గుట్టుందా అని అడగండి. బొమ్మ గీయించండి. ఊరు దొరికితే ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచర్ను, రేషన్ డీలర్ను కలవండి. ఊర్లో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు వలస పోయారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పేపర్ ప్రకటనలో తరచూ జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, బిడ్డ దొరికిన నాటి ఫొటో కాకుండా గుండు చేయించాక తీసినది వేయడం. రెండోది, హిందీ మాట్లాడే పిల్లవాడి ప్రకటన తెలుగులో మాత్రమే ఇచ్చి ఊరుకోవడం. పోలీసుల నుంచి 'నాన్-ట్రేసబుల్' రిపోర్టు, అంటే కన్నవాళ్ల ఆచూకీ దొరకలేదన్న రిపోర్టు, రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో 'దొరకలేదు మేడమ్' అన్న మాట ఫైలుకు పనికిరాదు.

గడువులు చట్టంలోనే ఉన్నాయి. అనాథ, వదిలేసిన పిల్లల విషయంలో బిడ్డ రెండేళ్ల లోపుదైతే సీడబ్ల్యూసీ ముందు హాజరుపరిచిన నాటి నుంచి రెండు నెలల్లో, రెండేళ్లు దాటితే నాలుగు నెలల్లో లీగల్లీ ఫ్రీగా ప్రకటించాలి. కన్నవారే అప్పగించిన బిడ్డ అయితే వాళ్లు మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఆగాలి. లీగల్లీ ఫ్రీ అని ప్రకటించే నిర్ణయం సీడబ్ల్యూసీలో కనీసం ముగ్గురు సభ్యులది కావాలి. సమితి పదవీకాలం ముగిసి కొత్తది రాకపోయినా, సభ్యులు సరిపడా లేకపోయినా ఫైళ్లు అక్కడే ఆగుతాయి. కాబట్టి పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో ముందే చూసుకుని, సిద్ధంగా ఉన్న కేసులను ఆ లోపే పెట్టండి.

ఇంకొక మాట. బాలసదనం తనంతట తాను దత్తత ఇవ్వలేదు. అది గుర్తింపు పొందిన దత్తత సంస్థతో, అంటే శిశుగృహ లాంటి దానితో, అనుసంధానమై ఉండాలి. ఆ లింకు కాగితం లేకపోతే సర్టిఫికెట్ వచ్చినా పేరు పోర్టల్ ఎక్కదు.

3. బిడ్డ గురించి నిజం రాయండి

పోర్టల్‌లో బిడ్డను చూపించేవి రెండు కాగితాలు: చైల్డ్ స్టడీ రిపోర్టు, వైద్య పరీక్షల రిపోర్టు. మొదటిదాంట్లో 'చురుకైన పాప, అందరితో కలిసిపోతుంది' అని రాస్తే అది ఏ పాపకైనా సరిపోతుంది. చదివే దంపతులకు మనసులో ఏ బొమ్మా పడదు. 'రెండో తరగతి పాఠం కూడబలుక్కుని చదువుతుంది. చీకటంటే భయం, లైటు వేసుకుని పడుకుంటుంది. పప్పన్నం ఇష్టం, వంకాయ ముట్టదు. కోపమొస్తే మంచం కిందికి దూరుతుంది, పది నిమిషాలు వదిలేస్తే తనే వస్తుంది.' ఇలా రాయండి. దాచిన సంగతి తర్వాత బయటపడితే కుటుంబం మోసపోయామనుకుంటుంది, బిడ్డ వెనక్కి వస్తుంది. తెలిసే ఒప్పుకున్నవాళ్లు అదే సంగతికి బెదరరు.

వైద్య రిపోర్టు ఆరు నెలల నాటిదైతే బరువు, ఎత్తు మళ్లీ తీయించండి. వినికిడి, చూపు విడిగా పరీక్ష చేయించండి. బడిలో వెనకబడ్డాడని రాసిన పిల్లవాడికి కళ్లద్దాలు మాత్రమే కావలసి ఉండొచ్చు. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చిన పిల్లలకు సికిల్ సెల్ పరీక్ష తప్పనిసరిగా చేయించండి. ఫొటో పగటి వెలుతురులో, బిడ్డకు నచ్చిన బట్టల్లో తీయండి. గోడకు నిలబెట్టి, నంబరు పలక పట్టించినట్టుగా వద్దు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే రిపోర్టుల్లో ఒకరి పేరు ఒకరిదాంట్లో కనిపించాలి. అబ్బాయి ఒక సదనంలో, అమ్మాయి ఇంకో సదనంలో ఉండటం మామూలే. ఎవరూ కలిపి రాయకపోతే చెరో ఇంటికి పోతారు.

4. బిడ్డను సిద్ధం చేయండి

'నీకు కొత్త అమ్మానాన్న వస్తున్నారు' అని ఒక సాయంత్రం చెప్పి మర్నాడు బ్యాగు సర్దడం సిద్ధం చేయడం కాదు. తేలిక నోటు పుస్తకం ఒకటి తీసుకుని బిడ్డతో కలిసి దాని కథ రాయండి. ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఏ అక్క జడ వేసేది, ఏ ఊరి బడి, అన్నీ. తెలిసినంత మటుకే, అబద్ధం కలపకుండా. 'మీ అమ్మ దేవుడి దగ్గరికి పోయింది' అని తెలియకుండా చెప్పకండి. పోయిందో లేదో మనకు తెలియదు, బిడ్డ పదిహేనేళ్లకు అడుగుతుంది.

కొందరు పిల్లలు వద్దంటారు. 'నేను పోతే మా అమ్మ వచ్చి వెతుకుతది' అనే బిడ్డకు సమాధానం కావాలి, బుజ్జగింపు కాదు. బిడ్డ వయసును, అర్థం చేసుకునే శక్తిని బట్టి దాని ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలని చట్టం చెబుతోంది.

5. కుటుంబం వైపు పని

దత్తత కోరేవారు దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) వారి కేరింగ్స్ పోర్టల్‌లో సొంతంగా నమోదు చేసుకోవాలి. 30 రోజుల్లో పత్రాలు ఎక్కించాలి. ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది: ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో చివర, పెళ్లి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం. భార్య ఆధార్‌లో ఇంకా పుట్టింటి పేరే. ఇవన్నీ ఒకటి చేసుకున్నాకే నమోదు చేయమని చెప్పండి. పెళ్లి నమోదు కాకుంటే ముందు ఆ పని. రైతు కుటుంబమైతే ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేసుకోవాలి.

ఎవరికి వీలు? దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. ఒంటరి మహిళ ఏ బిడ్డనైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషునికి ఆడపిల్లను ఇవ్వరు. బిడ్డకూ తల్లిదండ్రులకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. దంపతుల వయసులు కలిపి చూస్తారు: నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100 దాటకూడదు, ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్ల బిడ్డకు 110. భర్తకు 54, భార్యకు 49 అనుకోండి, మొత్తం 103. ఆరేళ్ల బిడ్డకు వీలు కాదు, తొమ్మిదేళ్ల బిడ్డకు వీలవుతుంది. వయసు మీరిందని ఆశ వదులుకున్న దంపతులకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవారు మామూలు వరుసలో అర్హులు కారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, ఇల్లు దొరకడం కష్టమైన పిల్లల విషయంలో మాత్రం వారికీ దారి ఉంది.

హోమ్ స్టడీకి, అంటే దత్తత కోరే కుటుంబాన్ని ఇంటికి పోయి చూసి నివేదిక రాయడానికి, వెళ్లినప్పుడు ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో కాదు చూడాల్సింది. అత్తమామలను విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. 'కులం ఏందో తెల్వని పిల్ల' అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటి నుంచి వస్తుందో ఆ రోజే తెలియాలి. ఇంట్లో ఇప్పటికే ఐదేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ సమ్మతి కూడా కావాలి. ఈ నివేదికకు 60 రోజుల గడువు, మూడేళ్ల చెల్లుబాటు. నమోదు, హోమ్ స్టడీకి రుసుము 6,000 రూపాయలు. దీనితో పాటు నిబంధనల్లో ఉన్న మిగతా రుసుములకు కూడా రసీదు ఉంటుంది. రసీదు లేని 'డొనేషన్' అడిగిన చోటి నుంచి లేచి వచ్చేయండి. ఆసుపత్రి దగ్గర దళారి ద్వారా బిడ్డను కొనడం నేరం: ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బందికైతే మూడు నుంచి ఏడేళ్లు.

ఫోస్టర్ కేర్ దారి వేరు. ఆరేళ్లు దాటిన బిడ్డను సీడబ్ల్యూసీ ఉత్తర్వుతో ఒక కుటుంబం తాత్కాలికంగా పెంచుతుంది. 2024 నమూనా మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు బాగా సాగాక, బిడ్డ లీగల్లీ ఫ్రీ అయితే, అదే కుటుంబం దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇదివరకు ఐదేళ్లు ఆగాలనేవారు. దీన్ని దత్తత వరుస తప్పించుకునే అడ్డదారిగా చూసే కుటుంబాన్ని మొదటి మాటల్లోనే పసిగట్టాలి. కన్నవాళ్లు తిరిగి వస్తే బిడ్డను పంపగలరా అని అడగండి. ముఖం చూస్తే తెలిసిపోతుంది.

6. రిఫరల్ (బిడ్డ వివరాలు కుటుంబానికి చూపడం) నుంచి కలెక్టర్ ఉత్తర్వు దాకా

పోర్టల్‌లో బిడ్డ వివరాలు కనిపించాక రిజర్వు చేసుకోవడానికి 48 గంటలే. ఆ తర్వాత 30 రోజుల్లో సంస్థకు వచ్చి, బిడ్డను చూసి, కాగితాల మీద సంతకం చేయాలి. ఎదిగిన బిడ్డ విషయంలో ఈ 30 రోజులను పూర్తిగా వాడుకోండి. ముందు వీడియో కాల్, తర్వాత సదనంలో ఒక గంట, ఆ తర్వాత సిబ్బందితో కలిసి హంటర్ రోడ్డు జూ పార్కులోనో భద్రకాళి బండ్ మీదనో ఒక పూట. బొమ్మల సంచితో వచ్చే పెద్దవాళ్లను ఆపండి. బిడ్డతో కలిసి గాజులు కొనడమో క్యారమ్స్ ఆడటమో చాలు.

సమ్మతి తర్వాత పది రోజుల్లో బిడ్డ ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్‌గా, అంటే దత్తత ఉత్తర్వు వచ్చేదాకా పెంపకానికి, ఆ ఇంటికి వెళుతుంది. సంస్థ జిల్లా యూనిట్ ద్వారా కలెక్టర్‌కు దరఖాస్తు పెడుతుంది. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మెజిస్ట్రేటే, అంటే కలెక్టరే. గడువు రెండు నెలలు. ఉత్తర్వులో బిడ్డ పుట్టిన తేదీ, పేరు అక్షరం అక్షరం సరిచూడండి. జనన ధ్రువపత్రం దాన్ని బట్టే వస్తుంది, ఆధార్, బడి రికార్డులు మళ్లీ దాన్ని బట్టి.

7. ఇంటికి వెళ్లాక

మొదటి వారం రోజూ ఫోన్ చేయండి. బిడ్డ దిండు కింద బిస్కెట్లు దాచుకుంటుంది, పక్క తడుపుతుంది, మూడు వారాలు బుద్ధిగా ఉండి నాలుగో వారం అరుస్తుంది. మొదటిది ఆకలి జ్ఞాపకం, చివరిది 'ఇప్పుడైనా పంపేస్తారా' అని పరీక్ష. ఇవి ముందే చెప్పి ఉంచితే కుటుంబం కంగారు పడదు.

వచ్చిన వారంలోనే ఐదొందల మందికి దావత్ పెట్టొద్దని గట్టిగా చెప్పండి. బతుకమ్మ నాటికి చుట్టాలు ఎలాగూ చూస్తారు. పేరు వెంటనే మార్చొద్దు. పదేళ్ల బిడ్డ దగ్గర తనదంటూ ఉన్నది ఆ పేరొక్కటే.

ఆరు నెలలకోసారి రెండేళ్ల పాటు ఫాలోఅప్ నివేదిక ఉండాలి, అంటే నాలుగు. ప్రతిసారీ బిడ్డతో ఒంటరిగా మాట్లాడండి, బడి టీచర్‌ను కలవండి. నాలుగో నివేదిక అయ్యాక ఫైలు మూసేటప్పుడు బిడ్డ దొరికినప్పటి బట్టలు, చేతి తాయెత్తు, ఎవరైనా రాసిన చీటీ లాంటివి కవరులో పెట్టి, మీద వివరాలు రాసి సీలు వేయండి. పెద్దయ్యాక తన మూలాలు అడిగే హక్కు ఆ బిడ్డకుంది. ఆ రోజు ఆ కవరు ఏ బీరువాలో ఉందో కొత్తగా వచ్చిన ఉద్యోగికి తెలిసేలా రిజిస్టరులో రాసి పెట్టండి.