కరెంటు పెట్టిన చోట మానని పుండు: ఒంటి కొవ్వుతో చికిత్సకు వెళ్లేముందు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో రేడియేషన్ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటారు. నోటి క్యాన్సర్‌కు ఆరేడు వారాలు కరెంటు పెట్టించుకున్నవారిలో కొందరికి, నెలల తరువాతనో ఏళ్ల తరువాతనో, దవడ మీది చర్మం వేళ్లతో పట్టుకున్నా మడత పడనంతగా అట్టకట్టి, చిన్న గీరుకే పుండు పడుతుంది. లోపలి సన్నని రక్తనాళాలు మూసుకుపోవడమే ఇందుకు ముఖ్య కారణం. నెత్తురు అందని చోట ఎన్ని కట్లు మార్చినా ఫలితం అంతంతమాత్రమే.

పొట్ట, తొడల కొవ్వులో ఉండే మూలకణాలు (స్టెమ్ సెల్స్) కొత్త రక్తనాళాలు పుట్టడానికి తోడ్పడతాయి. ఇటలీ వైద్యుడు జీనో రిగోట్టి బృందం రేడియేషన్‌తో చర్మం దెబ్బతిన్న 20 మందికి వారి కొవ్వునే ఎక్కించి, ఆ ఫలితాలను 2007లో ప్రచురించింది.

అయితే ముందుగా చేయించవలసింది ముక్క పరీక్ష (బయాప్సీ). మానని పుండు క్యాన్సర్ తిరగబెట్టడం వల్ల కూడా కావచ్చు కనుక, అది తేలకుండా కొవ్వు ఎక్కించుకోకూడదు. కరెంటు పెట్టిన దవాఖానకే, అది హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ దవాఖాన అయినా మరొకటైనా, పాత కాగితాలతో వెళ్లాలి. ఎంత మోతాదు, ఎన్ని సిట్టింగులు అన్నది వాటిలోనే ఉంటుంది.

తరువాత, చేయబోయేది ఏమిటో సూటిగా అడగాలి. కొవ్వును తీసి, శుభ్రపరిచి, అదే పూట ఎక్కించడం ప్లాస్టిక్ సర్జన్లు చేసే పని. అందులోంచి కణాలను వేరుచేసి లేదా పెంచి ఎక్కించడం వేరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అది క్లినికల్ ట్రయల్‌లో, అంటే రోగులపై అనుమతితో జరిపే పరిశోధనలో, భాగంగానే జరగాలి, ట్రయల్‌లో చేరినందుకు రోగి వద్ద డబ్బు తీసుకోకూడదు. దేశంలోని ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్ఐ పట్టికలోని సంఖ్య చెప్పకుండా లక్షలు అడిగేవారి దగ్గర నిలబడి వాదించడం కూడా దండగే.

ఆపరేషన్‌లో పొట్ట చర్మం కింద మందు నీళ్లు ఎక్కించి, సన్నని గొట్టంతో కొవ్వును లాగుతారు. సిరంజీని యంత్రంలో తిప్పినప్పుడు పైన నూనె, అడుగున నెత్తురు నీళ్లు, నడుమ పసుపుపచ్చని కొవ్వు పేరుకుంటాయి. ఆ నడుమ పొరే పనికొస్తుంది. దాన్ని పుండు చుట్టూ, సూదిని వెనక్కి తీస్తూ సన్నని దారంలా వదులుతారు, ఎందుకంటే ముద్దగా పెట్టిన కొవ్వుకు నెత్తురు అందక అది చచ్చిపోతుంది. ఎంత జాగ్రత్తగా పెట్టినా కొంత కరిగిపోతుంది కనుక, కొన్ని నెలల తరువాత మళ్లీ చేయవలసి రావచ్చు.

బీడీ, గుట్కా ఆపరేషన్‌కు వారాల ముందే మానాలి, షుగరు అదుపులో ఉండాలి. మిగిలి ఉన్న రక్తనాళాలను పొగాకు ఇంకా బిగిస్తుంది. ఇంటికొచ్చాక ఆ చోటును నొక్కకూడదు, పత్తిచేలో ఎండకు పెట్టకూడదు, ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా పసరు పూయకూడదు. చీము, జ్వరం కనిపించినా, చర్మం నల్లబడినా మరునాటికి ఆగకుండా దవాఖానకు పోవాలి. వారానికొకసారి పుండు పక్కన, దానికి తగలకుండా, రూపాయి బిళ్ల పట్టుకొని ఫొటో తీసి ఉంచితే, అది ఎంత తగ్గిందో డాక్టరుకు ఒక్క చూపులో తెలుస్తుంది.