పాత బండి మన చేతుల్లో – 5వ పాఠం: వెనక ఇరుసు బిగింపు

కిందటి పాఠంలో మన పాత బుల్లెట్ మోటార్‌సైకిలు వెనక చక్రం బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టాం. చక్రం మళ్లీ స్వింగార్మ్‌లోకి, అంటే దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే గొట్టాల మధ్యకి, వచ్చింది, చైను ఎక్కింది. ఇరుసు నట్టు ప్రస్తుతం చేతి బిగువు మీదే ఉంది. అలాగే ఉండనివ్వండి.

ఒకసారి శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్తూ దారిలో పంక్చరు వేయించాను. గార దాటాక వెనక నుంచి కర్రుకర్రుమని చప్పుడు. దిగి చూస్తే టైరు ముందు అంచు కుడి గొట్టానికి రాసుకుంటోంది. నట్టు మాత్రం రాయిలా బిగిసి ఉంది. చక్రాన్ని వంకరగానే ఉంచి, నట్టును అంత గట్టిగా బిగించేశారు! అందుకే ఈ పాఠంలో బిగింపు కంటే ముందు పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పాత బుల్లెట్‌లో ఇరుసు రెండు చివర్లా నత్తగుల్లలా చుట్టు తిరిగిన పళ్ల బిళ్లలు ఉంటాయి. ఒక్కో పన్ను తిప్పేకొద్దీ ఇరుసు వెనక్కి జరుగుతుంది, చైను బిగుస్తుంది. రెండు వైపులా పళ్లు లెక్కపెట్టి సమానంగా పెట్టండి. చక్రాన్ని మోకాలితో ముందుకు నెట్టి పట్టుకుంటే, పళ్లు స్వింగార్మ్ మీది మేకులకు ఆనుతాయి. ఆనకపోతే మొదటి గతుకుకే చక్రం జరిగిపోతుంది.

పళ్ల లెక్క ఒక్కటే నమ్మొద్దు. నలభై, యాభై ఏళ్ల ఫ్రేము ఎక్కడో ఓ చోట వంగి ఉండొచ్చు. టైర్లు రెండూ ఒకే సైజు (3.25-19) అయితే ఒక దారం చాలు. వెనక టైరు పక్కగా, స్టాండుకి తగలని ఎత్తులో ముందు టైరు దాకా లాగి పట్టండి. రెండు టైర్లకూ ముందు, వెనక అంచుల్లో, మొత్తం నాలుగు చోట్ల తగలాలి. రెండో వైపూ చూడండి.

ఇప్పుడు చైను. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో పట్టుకుని, కింది వరస మధ్యలో వేలితో ఆడించండి. సుమారు 25 మిల్లీమీటర్లు ఆడాలి. మనిషి బండెక్కి కూర్చున్నాక చైను ఇంకా బిగుస్తుంది కాబట్టి, ఒకరిని కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ కొంత ఆట మిగలాలి.

ఇక బిగింపు. మన సముద్రపు గాలికి మరలు తుప్పు పడతాయి. తుప్పు మర మీద నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, లోపల పట్టు మాత్రం ఉండదు. వైరు బ్రష్‌తో రుద్ది, కిరసనాయిలుతో తుడిచి, ఒక చుక్క ఆయిలు వేయండి. ఈ బండికి బ్రేకు పెడల్ ఎడమవైపు. తోడున్నవాళ్లని దాన్ని గట్టిగా తొక్కి ఉంచమనండి. బ్రేకు పళ్లెం (బ్రేకు షూలు ఉండే పలక) డ్రమ్ము మధ్యకు సర్దుకుంటుంది. అలా ఉండగానే రెండో చివరను ఇంకో పానాతో పట్టుకుని, రింగు పానాతో నట్టు బిగించండి. నట్టుతోపాటు పళ్ల బిళ్ల తిరగాలని చూస్తుంది, కన్నేసి ఉంచండి. బలం కోసం పానా పిడికి గొట్టం తొడగొద్దు, మర తెగుతుంది. టార్క్ రెంచీ (బిగువు కొలిచే పానా) ఉంటే మీ మోడల్ మాన్యువల్‌లోని అంకె పెట్టుకోండి.

బిగించాక చైను ఆట మళ్లీ కొలవండి, తరచూ కొంచెం మారుతుంది. మారితే విప్పి సరిచేయండి, బద్ధకించొద్దు. అరసవల్లి దాకా వెళ్లొచ్చి, డ్రమ్ము చల్లారాక నట్టు ఇంకోసారి చూడండి.

చక్రం వెనక్కి జరిగినప్పుడు బ్రేకు రాడ్ కూడా లాగబడి బ్రేకు పట్టేయవచ్చు. రాడ్ చివరి నట్టుతో దాన్ని సర్దడం వచ్చే పాఠం.