ఏడాది కారం పట్టిస్తున్నారా? వేడి మీద మూత పెట్టొద్దు

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, ఆ వెంటనే సింగపూర్, మన దేశం నుంచి వెళ్లిన కొన్ని మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే హానికర వాయువు ఆనవాళ్లు ఉన్నాయని తేల్చి వాటిని దుకాణాల నుంచి తీయించాయి. ఆ వార్త వచ్చాక ప్యాకెట్ కారం మీద నమ్మకం పోయి, మిరపకాయలు కొని మర పట్టించుకోవడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. మంచి పనే. కాకపోతే ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ వాయువును మసాలాలకు పట్టించేది బూజు, పురుగు, సూక్ష్మజీవులు చావడానికి. మన ఇంట్లో ఆ వాయువు ఉండదు. ఆ పనంతా ఎండ, పొడితనం చెయ్యాలి. అవి సరిగా చెయ్యకపోతే ప్యాకెట్ కారం కంటే మనం పట్టించిన కారమే ఎక్కువ ప్రమాదం.

గాలి చొరని డబ్బా వాడండి, తడి చెంచా పెట్టకండి వంటివి అందరికీ తెలుసు, వాటిని వదిలేద్దాం. ఐదారు కిలోల కారం ఒక్క దెబ్బకు పాడయ్యే తప్పు వేరే ఉంది. మర నుంచి తెచ్చిన కారాన్ని వేడి తగ్గకుండానే డబ్బాలోకి ఎత్తి మూత బిగించడం. రెండు రోజులు ఎండబెట్టి, ముచ్చికలు తీసి, మరలో వరుసలో నిలబడి, అంతా పద్ధతిగా చేసినవాళ్లు కూడా చివరి ఈ మెట్టు దగ్గర తొందరపడతారు.

కాయ కొనేటప్పుడు

గుంటూరు యార్డుకు కొత్త కాయ ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఇంటి కారానికి కొనడానికి అదే అదను. మే, జూన్‌లలో దొరికే దాంట్లో కోల్డ్ స్టోరేజీ సరుకు చాలా ఉంటుంది. అది చూపుకు ఇంకా ఎర్రగా నిగనిగలాడుతుంది, రంగు చూసి మోసపోకండి. చల్లటి గదిలోంచి బయటి గాలిలోకి రాగానే కాయకు చెమ్మ పడుతుంది. పైగా టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు కూడా ఉంది. కొత్త కాయకు రెండు ఎండలు చాలితే, దీనికి మూడు ఎండలు కావాలి.

గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించండి. గింజ గలగలమనాలి. తర్వాత నాలుగైదు కాయలు నిలువునా చీల్చి లోపల చూడండి. గింజలు అంటుకుని ఉండే నడిమి ఈనె మీద బూడిదరంగు నూగు గానీ నల్లటి మచ్చ గానీ కనిపిస్తే ఆ బస్తా వద్దు. బయటికి ఎర్రగా ఉన్న కాయలోనూ ఇది ఉంటుంది. తెల్లబారిన తాలు కాయ కలిసి ఉంటే ఏరి పారెయ్యండి, కారంలోకి వెయ్యకండి. తక్కువ ధరకు అమ్మే రెడీమేడ్ కారంలోకి వెళ్లేది తరచుగా ఈ తాలే.

రకాల విషయం క్లుప్తంగా: తేజ ఒక్కటే పట్టిస్తే మంట ఎక్కువ, రంగు తక్కువ. సన్నం రకం కూరలకు సరిపోతుంది. రంగు కావాలంటే నాలుగో వంతు బ్యాడిగి గానీ వరంగల్ చపాటా గానీ కలపండి. ముచ్చికలు, ఎండలో పోయే తేమ కలిపి కిలోకు వంద గ్రాముల దాకా తరుగు పోతుంది, ఆ లెక్కన కొనండి. ఇంటికి ఎంత కావాలో తెలియకపోతే ఈ నెల డబ్బాలో పోసింది తూచి పన్నెండుతో హెచ్చవేయండి, ఆవకాయకు విడిగా వేసుకోండి.

ఎండ, మర

మేడ మీద ఉతికిన నూలు చీర పరిచి, కాయను ఒక్క వరసగా పరచండి. కుప్పగా పోస్తే పైది మాడుతుంది, కిందది మెత్తగానే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికల్లా లోపలికి తెచ్చెయ్యాలి, మంచు సోకిందంటే పగటి ఎండంతా వృథా. తెచ్చాక మూట కట్టకండి. అక్కడా అదే సూత్రం, వేడి మీద మూయకూడదు.

ఎండిందీ లేనిదీ తొడిమ దగ్గర తెలుస్తుంది. కాయను వంచితే వంగకూడదు, ఫెళ్లుమని విరగాలి. అమ్మకానికి వచ్చే మిరపకాయలోనూ కారంలోనూ తేమ 11 శాతం దాటకూడదని మన ఆహార భద్రతా నిబంధన. ఇంట్లో తేమ కొలిచే పరికరం ఉండదు కాబట్టి ఆ ఫెళ్లుమనడమే కొలత.

ఆఖరి రోజు పని ఇలా వేళకు అమర్చుకోండి. పొద్దున ఎనిమిదింటికి కాయ మళ్లీ ఎండలో పడాలి. పదకొండింటికి మరకు పట్టుకెళ్లాలి. ఒంటిగంటకు కారం ఇంట్లో పరిచి ఉండాలి. ఐదింటికి మూతలు పడాలి. సాయంత్రం మర పట్టించి రాత్రంతా పరిచి ఉంచుదామనుకుంటే, కాకినాడ, విశాఖ, నెల్లూరు లాంటి తీరపు ఊళ్లలో తెల్లారేసరికి కారమే గాలిలోని చెమ్మ పీల్చేస్తుంది.

మరలో మీ వంతు రాగానే ముందు రెండు గుప్పిళ్ల కాయ వేయించి, ఆ వచ్చిన పొడి విడిగా తీయించండి. అది మీ ముందువాళ్ల కారం. కొన్నిచోట్ల అది పసుపో ధనియాలపొడో కూడా అవుతుంది. రాళ్లకు గంట్లు కొట్టించిన రోజైతే వెనక్కి వచ్చెయ్యండి, రాతిపొడి పడుతుంది. రాతి మరలో కంటే రోకళ్ల మరలో దంచితే వేడి తక్కువ పుడుతుంది, రంగూ నిలుస్తుంది. మీ ఊళ్లో ఉంటే అక్కడికే వెళ్లండి. కారాన్ని ప్లాస్టిక్ సంచిలో పట్టకండి. వెడల్పాటి స్టీలు బేసిన్ తీసుకెళ్లి, పైన మూత కాకుండా గుడ్డ కప్పి తెచ్చుకోండి.

మూత

వేడి మీద మూత పెట్టొద్దు. ఎందుకో చూద్దాం.

మర నుంచి దిగిన కారంలో చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. బాగా ఎండిన కాయలోనూ కొంత తేమ ఉంటుంది కదా, ఆ వేడికి అది ఆవిరై పైకి లేస్తుంది. మూత చల్లగా ఉంటుంది కాబట్టి, అన్నం గిన్నె మూతకు పట్టినట్టు, లోపలివైపు నీరు పడుతుంది. ఆ నీరు కారం పై పొర మీద రాలుతుంది, డబ్బా గోడల వెంట దిగుతుంది. కిందంతా పొడిగానే ఉంటుంది, పైన వేలెడు మందం మాత్రం తడిసిపోతుంది. వెయ్యి గ్రాముల కారానికి ఈ నీరు ఒక చెంచాడు కూడా ఉండదు, కానీ బూజుకు కావలసింది డబ్బాలో ఒక్క మూల తడి.

దీని గుర్తులు వరుసగా వస్తాయి. మొదట డబ్బా మెడ కింద గోడకు అతుక్కుని ముదురు ఎరుపులో ఒక వలయం కనిపిస్తుంది. గీరితే పెళుసుగా రాదు, ముద్దగా వస్తుంది. తర్వాత పైన ఉండలు కడతాయి. వానలు మొదలయ్యాక, జూలైలో ఎప్పుడో, ఆ ఉండల మీద తెల్లటి నూగు, మూత తీయగానే ముక్కిన వాసన. అప్పటికి మూత వేసి రెండు నెలలై ఉంటుంది కాబట్టి నింద వానాకాలం మీద పడుతుంది. తప్పు జరిగింది మేలో.

కాబట్టి ఇంటికి రాగానే గదిలో, నీడన, ఉతికి ఆరిన గుడ్డ మీద అర అంగుళం మందాన పరచండి. ఐదు కిలోలకు సుమారు ఒక చదరపు మీటరు జాగా కావాలి. ఫ్యాను వద్దు. మొదటి గంటలో రెండుమూడు సార్లు గరిటెతో తిరగెయ్యండి, అడుగునున్న వేడి అలా పైకొస్తుంది. మూడు నాలుగు గంటలు పడుతుంది. పైన తాకి చల్లారిందనుకోకండి. గుట్టగా పోగుచేసి మధ్యలోకి మణికట్టు దాకా చెయ్యి దించండి. అక్కడ వెచ్చగా తగిలినా మళ్లీ పరచాల్సిందే.

డబ్బాలో పోసిన మర్నాడు పొద్దున మూత తీసి లోపలివైపు పొడి వేలితో రాయండి. వేలికి తడి తగిలితే ఇంకా మించిపోలేదు. కారమంతా బయటికి పోసి, పల్చటి గుడ్డ కప్పి గంటసేపు ఎండలో పెట్టి, చల్లార్చి, డబ్బా తుడిచి ఆరబెట్టి మళ్లీ పొయ్యండి. ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలు, చాలా ఇళ్లలో కారం నిలుస్తుంది. చేసేవాళ్లే తక్కువ.

బూజు కనిపించాక మాత్రం పైపైన తీసేసి కిందది వాడుకోవద్దు. మిరపలో పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పోపులో వేగినా, కూరలో ఉడికినా పోదు, ఎండలో పెట్టినా పోదు. ఎంతదాకా దిగిందో కంటికి కనపడదు. డబ్బా మొత్తం పారెయ్యండి. రుచి చూడొద్దు, ముక్కు దగ్గర పెట్టి వాసన పీల్చొద్దు, గేదెల కుడితిలో కలపొద్దు, కోళ్లకు వెయ్యొద్దు. ఆవకాయలో అసలు కలపొద్దు. ఒక గిద్దెడు పాడు కారం జాడీ మొత్తాన్ని తీసుకుపోతుంది.

మిగతావన్నీ వరుసగా:

ఏడాది కారం ఒకే జాడీలో పొయ్యొద్దు. అరకిలో గాజు సీసాలు పదైనా మేలు. ఒకటి పోతే ఒకటే పోతుంది.

జాడీ కడిగితే ఒక పూర్తి రోజు ఎండలో బోర్లించకుండా, వెల్లకిలా పెట్టి ఆరనివ్వండి. అది కూడా చల్లారాకే కారం పొయ్యండి.

పాత కారం మీద కొత్త కారం పొయ్యొద్దు.

ఇంగువ ముక్క వేసుకుంటే వేసుకోండి. తడిసిన కారాన్ని బూజు నుంచి అది కాపాడదు.

కారంలో ఉప్పు కలిపే అలవాటుంటే, కల్లుప్పును మూకుడులో చిటపటలు ఆగేదాకా వేయించి, చల్లార్చి కలపండి. పచ్చి ఉప్పు గాలిలోని నీళ్లు లాగుతుంది.

సాంబారు పొడి, కందిపొడి, ధనియాలపొడి వేయించి మిక్సీ పట్టేవాళ్లకు: వేడి రెండుసార్లు పుడుతుంది, మూకుడులో ఒకసారి, మిక్సీలో ఒకసారి. రెండుసార్లూ చల్లార్చాలి. వేడి మీద మూత పెట్టొద్దు.

ఆవపిండిని మిక్సీలో ఆపకుండా తిప్పొద్దు. కాసేపు తిప్పి ఆపి, కాసేపు తిప్పి ఆపి పట్టండి. వేడెక్కితే చేదెక్కుతుంది.

మిక్సీ ఆపగానే జార్ మూత తీయొద్దు. ఐదు నిమిషాలు ఆగండి. ఘాటు కళ్లలోకి కొడుతుంది.

చేతులు మండుతుంటే నీళ్లకు ముందు నూనె రాసి, సబ్బుతో కడగండి. ఆ చేతులతో పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు.

ధనియాలకు పురుగు త్వరగా పడుతుంది. కొన్న వెంటనే గట్టిగా మూసిన కవర్లో వారం రోజులు ఫ్రీజర్‌లో పెడితే గుడ్లతో సహా చస్తుంది. బయటికి తీశాక కవరు గది వేడికి వచ్చేదాకా, అంటే నాలుగైదు గంటలు, విప్పొద్దు. ముందే విప్పితే బయటి గాలి చెమ్మ చల్లటి ధనియాల మీద పడుతుంది. వేడి కారం కథే, తిరగేసి.

పసుపు కొమ్ములుగానే కొనండి. మరీ మెరిసిపోయే పసుపుపచ్చ పూత ఉన్నవి వద్దు, రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు పూసే మోసం ఉంది. పొడి కొంటే, గ్లాసు నీళ్ల మీద చెంచాడు చల్లండి. లేత పసుపు రంగు వదులుతూ అడుగుకు దిగితే సరే, నీళ్లంతా చిక్కటి పసుపైతే రంగు కలిసినట్టే.

గసగసాలు, నువ్వులు, ఎండుకొబ్బరి ఏడాదికి కొనొద్దు. నూనె గింజలు, కనరు వాసన వస్తాయి. నెలకు సరిపడా, ఫ్రిజ్‌లో.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల సామానులో గసగసాలు పెట్టొద్దు. అవి కలిసిన మసాలా పొడీ పెట్టొద్దు. దుబాయ్‌లో అది మత్తుమందు కేసు. వంటింటి దినుసే కదా అంటే అక్కడ వినరు.

అమెరికా ప్రయాణానికి ముందురోజు కారం పట్టించొద్దు. వేడి పొడిని జిప్ కవర్లో కుక్కితే విమానం దిగేసరికే చెమ్మ. వారం ముందే పట్టించి, ఆరబెట్టి, సర్దండి.

పోపుల డబ్బా పొయ్యి పక్కన, పొయ్యి పైన అరలో వద్దు. పదిహేను రోజులకు సరిపడానే పొయ్యండి.

ఉడుకుతున్న కూర మీద డబ్బా వంచి కారం పొయ్యొద్దు. ఆవిరి లోపలికి పోతుంది.

న్యూస్‌పేపర్ మీద కారం ఆరబెట్టొద్దు. అందులో పొట్లం కట్టొద్దు. సిరా.

బియ్యం, పప్పు బస్తాలకు పెట్టే సెల్ఫాస్ బిళ్లలు ఇంట్లోకే తేవొద్దు. మసాలాల దగ్గరకి అసలు వద్దు. గాలి తగిలితే విషవాయువు వస్తుంది, మూసిన గదిలో నిద్రపోతున్నవాళ్లు లేవరు. బోరిక్ పొడికి, నాఫ్తలిన్ గోళీలకు కూడా వంటింట్లో చోటు లేదు.

ప్రతి సీసా మీద నెల, కాయ రకం రాసిన కాగితం అంటించండి. మే నాటి కారం ముందు, జూన్ నాటిది వెనక.

వాన కురుస్తున్న రోజు నిల్వ సీసా తెరవొద్దు. అయిపోయిందంటే ఆ పూటకు ఎండుమిరపకాయలు తుంచి పోపు పెట్టుకోండి.