బెజవాడ నుంచి డాలస్: టికెట్ కొనేముందు చూస్కోవాల్సినవి

అమ్మానాన్నల్ని పంపేవాళ్ళు ముఖ్యంగా చదవండి, పెద్దవాళ్ళకి ఈ ప్రయాణం చాలా కష్టం.

– కిలోమీటర్లు చూసి టైం లెక్కేయొద్దు. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు అటూఇటూ. దుబాయ్ నుంచి డాలస్ దాదాపు 12,900, అదొక్కటే 16 గంటలు. తిరుగు ప్రయాణంలో పైగాలి పడమర నుంచి తోస్తుంది కాబట్టి మామూలుగా కాస్త తగ్గుతుంది.

– టికెట్ మీద టైములు ఏ ఊరివి ఆ ఊరివే. డాలస్ మనకన్నా ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర గంటలు వెనక, అందుకే టికెట్ మీద దిగే టైములోంచి ఎక్కే టైము తీసేసి చూస్తే ప్రయాణం చిన్నదిగా కనపడుతుంది, నమ్మకండి.

– ఇది అన్నిటికన్నా ముఖ్యం: 15వ తారీకు 00:40 అంటే 14 రాత్రి అన్నం తిని ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి, 15 రాత్రి వెళ్తే ఫ్లైట్ పోయినట్టే.

– కార్లో శంషాబాద్‌కి ఐదారు గంటలు, సంక్రాంతి అయ్యాక తిరుగు రద్దీలో పంతంగి టోల్ దగ్గరే ఎంతసేపు ఆగుతారో చెప్పలేం, కాబట్టి ముందురోజే బయల్దేరండి. గన్నవరం నుంచి ఫ్లైట్ అయితే గంటే గానీ, అది విడి టికెట్ అయి లేటైతే రెండోది పోతుంది, మొత్తం ఒకే పీఎన్ఆర్ మీద తీస్కోండి.

– మధ్యలో కనీసం మూడు గంటల గ్యాప్. వీల్‌చైర్ బుకింగ్‌లోనే అడగండి.

– బీపీ, షుగర్ మాత్రలు, డాక్టర్ చీటీ, పవర్‌బ్యాంక్ చేతి బ్యాగులో. ఆవకాయ మాత్రం చెకిన్‌లోనే.